మౌలాలిలో సొమ్ము పోతే ఏ ఠాణా లెక్కలోకి?

మౌలాలి: కాజీపేట వైపు నుంచి వచ్చే రైలు చర్లపల్లి దాటిందంటే గుట్టమీది దర్గా కనిపిస్తుంది. ఆలేరు, భువనగిరి ప్రాంతాల పల్లెజనానికి పట్నం వచ్చిందనడానికి అదే గుర్తు. మూటలు దించుకునేది, పిల్లలను లేపేది, తలుపు దగ్గరకు తోసుకువచ్చేది అప్పుడే. జేబుదొంగకు కావలసింది కూడా ఆ పది నిమిషాలే.

ఈ ప్రాంతానికి పల్లెల రాకపోకలు ఈనాటివి కావు. మౌలాలిలో డీజిల్ ఇంజన్ల షెడ్డు వుంది. పక్కనే 1967లో నెలకొల్పిన ఇ.సి.ఐ.ఎల్., ఆ తర్వాత వచ్చిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, చుట్టూ చిన్నాపెద్దా కార్ఖానాలు వున్నాయి. కూలికి, కొలువుకు వచ్చేవారు ఇటు దిగుతారు. చదువుకు వచ్చేవారు తార్నాక చేరతారు. అక్కడ 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని చుట్టూ హాస్టళ్లు, అద్దె గదులు. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. కొన్ని రైళ్లకు అదే ఆఖరి స్టేషన్ కావడంతో, వేళకాని వేళ దిగినవారు అక్కడి నుంచి ఆటో చూసుకోవలసి వస్తున్నది.

పిల్లను తార్నాకలో వుంచాలనుకునే తల్లిదండ్రులు మొదట అడిగే మాట ఒకటే. అక్కడ దొంగతనాలు, గొడవలు ఎక్కువటగా?

దీనికి అంకెలతో జవాబు చెప్పడం కష్టం. జాతీయ నేర గణాంకాల సంస్థ 1986లో ఏర్పడింది. లక్ష జనాభాకు ఎన్ని కేసులు నమోదయ్యాయన్నదే అది చెప్పే నేరాల రేటు. ఆ జనాభాలోకి వచ్చేది అక్కడ కాపురమున్నవారు. పొద్దున దిగి సాయంత్రం రైలెక్కే పల్లెటూరి మనిషి అందులో లేడు, అతని జేబు కోసినవాడి మీద కేసు పెడితే మాత్రం అది ఆ పేట ఖాతాలో పడుతుంది. ఒకే సంఘటనలో నాలుగు నేరాలు జరిగినా అన్నింటిలోకి పెద్దదాన్నే లెక్కిస్తారు. ఫోను ఎవరో కొట్టేసినా, ‘ఎక్కడో పడిపోయింది’ అని రాసిచ్చి రసీదు తెచ్చుకుంటే అది దొంగతనంగా ఎక్కదు. ఇక అసలు ఠాణా గడప తొక్కనివారి సంగతి ఏ పుస్తకంలోనూ వుండదు. కాబట్టి కేసులు తక్కువున్న పేటకు భయం లేదనీ, ఎక్కువున్న పేట దొంగల దిబ్బ అనీ అనుకోవడానికి వీల్లేదు. కంప్లయింటు తీసుకునే ఠాణా వున్నచోటే అంకె పెరగవచ్చు.

మౌలాలి విషయంలో మరో చిక్కు వుంది. రైల్లోగానీ ప్లాట్‌ఫారం మీదగానీ సొమ్ము పోతే అది రైల్వే పోలీసులు చూడాలి. స్టేషన్ గేటు దాటి రోడ్డెక్కితే మామూలు పోలీసులది. బస్సెక్కి తార్నాక చేరితే అది హైదరాబాద్ నగర పోలీసులది. 2016లో రాచకొండ కమిషనరేట్ ఏర్పాటు చేసినప్పుడు మల్కాజిగిరి వైపు ప్రాంతంతో పాటు భువనగిరిని కూడా అందులోనే కలిపారు. అంటే కూతవేటు దూరంలోని తార్నాక వేరే కమిషనర్ కిందికి, యాభై కిలోమీటర్ల దూరంలోని పల్లె మౌలాలితో కలిసి మరో కమిషనర్ కిందికి వెళ్లాయన్నమాట! ఈ గీతలు వూరి మనిషికి తెలిసేదెలా? సంచి ఎక్కడ కోశారో తెలియనివాడు ‘మాది కాదు, అక్కడికి పో’ అన్న మాట రెండుసార్లు విన్నాడంటే, కూలి పోగొట్టుకుని మూడోచోటికి వెళ్లడు. వూరి బస్సెక్కుతాడు.

ఠాణా అంటే బెదరడానికి పాత కారణాలూ వున్నాయి. 1978 మార్చిలో ఉస్మానియాకు దగ్గరలోనే వున్న నల్లకుంట ఠాణాలో, రాత్రి సినిమా చూసి వస్తూ పోలీసుల చేతిలో పడిన ఒక పేద మహిళపై అత్యాచారం జరిగింది. పోలీసులు కొట్టిన దెబ్బలకు రిక్షా తొక్కే ఆమె భర్త చనిపోయాడు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుబట్టింది. అయినా రాయచూరుకు బదిలీ అయిన కేసు 1981లో కోర్టులో వీగిపోయింది. అంతకు ఆరేళ్ల ముందు, 1972 ఏప్రిల్ 14న, విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని విశ్వవిద్యాలయంలోనే పొడిచి చంపారు. ఆ కేసులోనూ నిందితులకు శిక్ష పడలేదు. పెద్దలు ఇవేవీ మరచిపోలేదు.

పరిధి పేరుతో తిప్పడం ఎంత ప్రమాదమో 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి హత్యతో లోకమంతా చూసింది. బిడ్డ ఇంటికి రాలేదని ఆ రాత్రి వెళ్లిన కుటుంబాన్ని ఒక ఠాణా నుంచి మరో ఠాణాకు పంపినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. కేసు పెట్టదగిన నేరమైతే ఎఫ్.ఐ.ఆర్. రాసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పివుంది.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం 173వ సెక్షన్‌లో ఈ సంగతి స్పష్టంగా వుంది. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ ఠాణాలోనైనా కంప్లయింటు ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నారు. రాసుకున్నవారే దాన్ని సంబంధిత ఠాణాకు పంపాలి. చదువురానివారు నోటితో చెబితే రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. నకలు పైసా తీసుకోకుండా ఇవ్వాలి. రాసుకోమంటే పై అధికారికి పోస్టులో పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ వద్దకు వెళ్లవచ్చు. రైల్లో పోతే ప్రయాణం ఆపుకోనక్కరలేదు. టీటీఈ వద్ద కాగితం అడిగి నింపి ఇస్తే చాలు, లేదా 139కి ఫోన్ చేయవచ్చు.

అయితే ఇదే చట్టంలో పేదవాడిని దెబ్బతీసే సంగతి ఒకటుంది. అయిదు వేల రూపాయలకు లోపు విలువైన దొంగతనంపై మేజిస్ట్రేట్ వుత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాదు. నాలుగు వేలు పోయిన కూలీకి ఆ నాలుగు వేలే నెల గ్రాసం. పుస్తెలతాడు తెంపుకుపోవడం మాత్రం అలా కాదు. లాక్కుపోవడాన్ని ప్రత్యేక నేరంగా పెట్టి మూడేళ్ల వరకు జైలు విధించారు.

ఆడపిల్లల కోసం 2014 అక్టోబరు నుంచి హైదరాబాద్‌లో షీ టీములు పనిచేస్తున్నాయి. బస్టాపులు, కాలేజీల దగ్గర మామూలు దుస్తుల్లో వుంటారు. 2017 నవంబరు నుంచి తార్నాక మీదుగా మెట్రో నడుస్తుండడం కూడా అమ్మాయిలకు మేలే. స్టేషన్ నుంచి గది వరకు వుండే గల్లీ దీపం వెలుగుతుందా లేదా అన్నది మాత్రం గది అద్దెకు తీసుకునే ముందు చీకటి పడ్డాక ఒకసారి నడిచి చూసుకోవలసిందే. పగలు చూసి అడ్వాన్సు ఇచ్చివచ్చే తండ్రులే ఎక్కువ.

మౌలాలి గుట్టకు రజబ్ నెల 17న జరిగే ఉత్సవానికి వెళ్లేవారు ఫోను విషయం ముందే చూసుకోవాలి. ఫోనులో *#06# నొక్కితే పదిహేను అంకెల నెంబరు వస్తుంది. పోయిన ఫోను మరొకరి చేతిలో పనిచేయకుండా ఆపించాలన్నా, వెతికించాలన్నా అదే ఆధారం. దాన్ని ఫోనులోనే దాచుకుంటే లాభం లేదు. ఇంట్లో రేషన్ కార్డు వెనకనో, పిల్లల నోటు పుస్తకంలోనో రాసిపెట్టుకోవాలి.