పొగగొట్టము పొగను ఎట్లు లాగును?

బెంగుళూరు రైలుదారి 1864లో వచ్చి కలిసిన జోలార్పేట కూడలిలో పూర్వము ఆవిరియింజనులు బుసకొట్టుచు నిలిచెడివి. అంత పొట్టి గొట్టము అంత పొగను ఎట్లు లాగెను? పనిచేసి వెలువడిన ఆవిరిని ఆ గొట్టములోనికే చిమ్ముటచేత, అది పొగను వెంటబెట్టుకొని పోగా, ఆ వెలితిని పూరింప క్రొత్తగాలి నిప్పులలోనికి దూరుచుండెను.

ఇంట మాంసమునకు పొగపెట్టు పీపాలో ఆవిరి విసురు లేదు. అచ్చట వేడియే సారథి. వేడెక్కిన గాలి ఉబ్బి తేలికయై, బావినీట ముంచి విడిచిన కొబ్బరికాయవలె పైకుబుకును. గొట్టమెంత పొడవైన లాగుడంత బలము. పీపా క్రింది గాలికంతను బిగించినచో, ఊపిరాడని నిప్పు మసిని గ్రక్కి మాంసమును చేదు చేయును. మిక్కిలి తెరచినచో మంట లేచును. అందువలన పై గొట్టమును తెరచియుంచి, అమ్మ ఊదుగొట్టముతో పొయ్యిని నడపునట్లు, గాలిని క్రిందనే సవరించుట మేలని నా దృఢవిశ్వాసము; పలుచని నీలిపొగ కనబడిన పిమ్మటనే పెద్దలు మాంసమును వ్రేలాడదీయవలెను.