బ్రౌన్ అంటే రంగేనా?

మొన్న క్లాసులో మేడమ్ సి.పి. బ్రౌన్ గురించి చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "ఆయన తెల్లాయన కదా మేడమ్, బ్రౌన్ అని పేరేంటి?" అందరం నవ్వాం. మేడమ్ కూడా నవ్వి, "ఎవరైనా వెతికి గోడపత్రికకి రాయండి" అన్నారు. ఎవరూ లేవకపోతే నేనే ఒప్పుకున్నాను.

అది నిజంగా రంగే. పాత ఇంగ్లీషులో 'బ్రూన్' అంటే ముదురు గోధుమ రంగు. ఊళ్ళో ఇద్దరు జాన్‌లుంటే ఒకణ్ణి జుట్టును బట్టో, ఒంటి ఛాయను బట్టో, వేసుకునే బట్టలను బట్టో బ్రౌన్ అనేవారు. మనం నల్ల సుబ్బయ్య, ఎర్ర సుబ్బయ్య అన్నట్టే. 1066లో నార్మన్లు వచ్చాక, కొన్ని తరాల్లో ఇలాంటి మారుపేర్లు ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. ఇక మనవడు పాలలా తెల్లగా ఉన్నా బ్రౌనే.

స్కాట్లండు కథ ఇంకా బాగుంటుంది. అక్కడ గేలిక్ అని వేరే భాష ఉంది. అందులో గోధుమ రంగును సూచించే పేరున్నవాళ్ళు ఇంగ్లీషులో బ్రౌన్ అయ్యారు. అది అనువాదం, సరే. కానీ 'న్యాయాధికారి కొడుకు' అని అర్థమొచ్చే ఇంకో గేలిక్ పేరు కూడా, వినడానికి కాస్త దగ్గరగా ఉందని, బ్రౌన్‌గా మారిపోయింది! అందుకే ఇద్దరు బ్రౌన్‌లు కనిపిస్తే చుట్టాలనుకోకూడదు.

బ్రౌన్‌లంతా తెల్లవాళ్ళూ కారు. అమెరికాలో నల్లపిల్లలకు వేరే బడులు పెట్టడం చెల్లదని 1954లో తీర్పు వచ్చిన కేసు ఆలివర్ బ్రౌన్ అనే నల్లజాతి తండ్రి పేరు మీదే ఉంది. సైన్స్ వాళ్ళకు రాబర్ట్ బ్రౌన్ తెలుసు. ఆ స్కాట్లండు వృక్షశాస్త్రవేత్త 1827లో నీళ్ళలో పుప్పొడి లోపలి సూక్ష్మ కణాల కదలికను గమనించాడు, అదే బ్రౌనియన్ చలనం. కార్టూన్ల చార్లీ బ్రౌన్ సరేసరి. మన కథల్లో సుబ్బారావులాగా, మామూలు మనిషికి పెట్టే పేరన్నమాట.

మన బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు, 1820లో ఉద్యోగానికి కడప వెళ్ళారు, తెలుగు నేర్చుకున్నారు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో ఈ మద్రాసులోనే అచ్చయింది. ఇప్పుడు "బ్రౌన్‌లో చూశావా?" అంటే మనిషి కాదు, పుస్తకం. దాన్నే బ్రౌణ్యం అని కూడా అంటారు. ఇంగ్లీషు రంగుకు సంస్కృతం తోక!

ఇదంతా చదువుతుంటే నా పేరు గుర్తొచ్చింది. అమ్మది అరవ ఇల్లు, నాన్నది తెలుగు ఇల్లు. బడిలో చేర్చినప్పుడు ఇక్కడి అలవాటు ప్రకారం నాన్న పేరులో మొదటి అక్షరం ఒక్కటే రాశారు. మా ఇంటిపేరు ఏ సర్టిఫికెట్‌లోనూ లేదు. నాన్నకీ లేదు. పండగ రోజు పూజలో నాన్నమ్మ చెబితేనే వింటాం. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి.

నిన్న రాత్రి ఆమె దగ్గర కూర్చుని అడిగి రాసుకున్నాను. రెండో అక్షరానికి ఒత్తుందా లేదా అంటే, "నాకు చదువేదీ తల్లీ, నోటితో అనడమే తెలుసు" అంది. ఈ వ్యాసం కింద ఒత్తు పెట్టే రాశాను.