కిశోరానికి నడత నేర్పే శాస్త్రం

'కిశోరం' అన్న మాట నేడు పదిహేనేళ్ళ ప్రాయంలోని పిల్లలకు వాడుకలో ఉన్నది. అమరకోశం వల్లె వేసిన పాతతరం వారికి మాత్రం ఆ మాట వినగానే గుర్రపు పిల్ల స్ఫురించేది. బలం వచ్చి, ఆ బలాన్ని ఎక్కడ ఎంతవరకు వాడాలో ఇంకా తెలియని వయసు అది.

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు సెలవు దినాలలో గుర్రపుశాలలకు వెళ్ళి స్వారీ నేర్చుకొంటున్నారు. జీను మీద కూర్చోవడం అందరి కంటా పడే విద్య. అంతకు ముందు గుర్రం నేర్వవలసిన విద్యలు రెండున్నాయి. నేలమీద ఉన్న మనిషి పక్కన మర్యాదగా నడవడం మొదటిది. పొడవైన పగ్గం చివర, మనిషి చుట్టూ వలయంలో నెమ్మదిగా తిరగడం రెండవది. ఈ రెండూ రాని గుర్రం చెంత పిల్లవాడిని నిలబెట్టడం ప్రమాదకరం. అది గుర్రానికి కూడా కీడే. 'పొగరుబోతు' అన్న పేరు పడిన గుర్రం చేతులు మారుతూ చివరికి ఎవరికీ అక్కరలేనిదవుతుంది. తరచి చూస్తే, ఆ పొగరులో చాలా భాగం మనుషులు తమకు తెలియకుండానే దానికి నేర్పిన పాఠం.

గుర్రం చూపు, స్పర్శ

మూడేళ్ళ గుర్రం బరువు సుమారు 450 కిలోలు. పగ్గం పట్టిన మనిషి 70 కిలోలు. లాగులాటలో ఎవరు గెలుస్తారో చెప్పనక్కరలేదు. కనుక శిక్షణ అంతా గుర్రానికి ఆ పోటీ తలపే రాకుండా చూడడంలో ఉన్నది.

గుర్రం గడ్డి మేసే జంతువు; వేటాడే జంతువుల బారి నుండి పరుగెత్తి ప్రాణం కాపాడుకొన్న జాతి. దాని కళ్ళు తలకు ఇరుపక్కలా ఉండడంవల్ల చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సూటిగా ముందున్న కొద్ది చోటు, తోక వెనుక భాగం మాత్రం దానికి కనబడవు. అందుచేతనే ఎరిగినవారు దాని భుజం వైపు నుండి, మాట వినిపిస్తూ సమీపిస్తారు. దాని చర్మం మీద ఈగ వాలితే, ఆ చోటు మాత్రమే కదిపి తోలుకొనగలదు. ఇంత సున్నితమైన చర్మం గల జంతువుకు సంజ్ఞ తెలపడానికి పెద్ద బలం అక్కరలేదు. అయితే అదే జంతువు ఎడతెగని లాగుడుకు ఎదురు లాగుతుంది. ఆనించిన బరువుకు ఎదురు ఆనుతుంది. మొండివాడి చేతిలో గుర్రం మొండిదవడానికి ఇదొక కారణం.

ఒత్తిడి, విడుదల

అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెలలో ఉంచి, అవి గడియ తీసుకొని బయటపడే తీరును పరిశీలించాడు. సత్ఫలితం ఇచ్చిన చర్య మళ్ళీ మళ్ళీ జరుగుతుందని, ఇవ్వనిది క్రమంగా మరుగున పడుతుందని తేల్చాడు. తరువాత బి.ఎఫ్. స్కిన్నర్ ఈ భావాన్ని విస్తరించాడు. ఫలితం రెండు విధాలు: ఇష్టమైనది లభించడం, ఇబ్బంది తొలగడం. రెండవదానికి 'ఋణాత్మక ప్రబలనం' అని పేరు. ఋణాత్మకం అంటే చెడ్డదని కాదు, శిక్ష అని అసలే కాదు. లెక్కలో తీసివేత గుర్తు వంటిదే అది. ఉన్న ఒత్తిడిని తీసివేయడం.

గుర్రపు శిక్షణలో అధికభాగం దీనిమీదనే నడుస్తుంది. పగ్గం కొద్దిగా బిగిస్తే గుర్రానికి ఒక ప్రశ్న వేసినట్లు. అది పక్కకో వెనక్కో ఏదో ఒకటి ప్రయత్నిస్తుంది. ముందుకు మొగ్గిన క్షణాన పగ్గం వదులైతే, అదే జవాబని గ్రహిస్తుంది. నేర్పేది బిగింపు కాదు, వదులు. ఆ వదులు ఒక సెకనులోపల రావాలి. ఆలస్యమైతే, ఆ లోపల గుర్రం చేసిన మరేదో పనికి బహుమతి ముట్టినట్లవుతుంది.

ఇక్కడే తెలియని పాఠాలు మొదలవుతాయి. గుర్రం భుజంతో తోస్తుంది. మనిషి అడుగు వెనక్కి వేస్తాడు. తోస్తే చోటు దొరుకుతుందని గుర్రం నేర్చుకొన్నది. తల విదిలిస్తుంది, చేతిలోని తాడు జారుతుంది. విదిలిస్తే తాడు వదులవుతుందని నేర్చుకొన్నది. రెండు నిమిషాల తరువాత కోపంతో కొట్టిన దెబ్బకూ ఆ తోపుకూ ఉన్న సంబంధం దానికి తెలియదు. మనిషి చేయి దగ్గరకు వస్తే భయపడవలెనని మాత్రం తెలుస్తుంది. క్రీస్తుపూర్వం నాలుగవ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనొఫన్ తన అశ్వవిద్యా గ్రంథంలో, కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి పోరాదని హెచ్చరించాడు.

మనిషి దేహంలోని చిన్న కదలికలను గుర్రం ఎంతగా పసిగడుతుందో బెర్లిన్‌లోని హాన్స్ కథ చెబుతుంది. లెక్కలకు గిట్టతో తట్టి జవాబు చెప్పే ఆ గుర్రాన్ని చూసి జనం విస్తుపోయారు. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ గుట్టు విప్పాడు. తట్టవలసిన సంఖ్య పూర్తికాగానే ప్రశ్నించినవారి తల అప్రయత్నంగా రవంత కదిలేది. హాన్స్ దానిని చూసి ఆగేది. అడిగినవారికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలిసేది కాదు.

పగ్గం పట్టి నడిపించడం

హాల్టర్ అనే ముఖపట్టీకి సుమారు మూడు మీటర్ల పగ్గం తగిలిస్తారు. మిగిలిన తాడును మడతలుగా పట్టుకొనాలి గాని చేతికి చుట్టుకొనరాదు. గుర్రం బెదిరి పరుగెత్తితే ఆ చుట్టు బిగిసి చేతిని పట్టేస్తుంది. చేతి తొడుగులు, తలకు హెల్మెట్, గట్టి బూట్లు అవసరం. మనిషి స్థానం గుర్రం మెడకూ భుజానికీ మధ్య, చేయి చాచినంత దూరంలో.

మొదట ఒక అడుగు ముందుకు, ఆగడం. తరువాత ఒక అడుగు వెనక్కి, ఆగడం. ప్రతిసారీ ముందు మాట, పిదప తేలికైన సంజ్ఞ, స్పందన లేనప్పుడే మరికొంత ఒత్తిడి, స్పందించగానే వదులు. ఈ వరుస తప్పకపోతే కొన్నాళ్ళకు మాటే సరిపోతుంది. గుర్రం మీదికి వస్తే మనిషి జరగకుండా, దానినే ఒక అడుగు వెనక్కి పంపి, అక్కడ నిలిచినప్పుడు ఊరట ఇవ్వాలి. ఎడమవైపు నేర్చినది కుడివైపు దానంతట రాదు, రెండువైపులా నేర్పవలసిందే.

వలయంలో తిప్పడం

నడిపించడం కుదిరిన తరువాతనే వలయాభ్యాసం. పగ్గం ఎనిమిది మీటర్ల పైచిలుకు ఉంటుంది. మనిషి మధ్యన నిలుస్తాడు. ఒక చేతిలో పగ్గం, రెండవ చేతిలో పొడవైన కొరడా. ఆ కొరడా కొట్టడానికి కాదు. అది చాచిన చేయి వంటిది. వెనుక కాళ్ళ వైపు చూపితే ముందుకు సాగమని, భుజం వైపు చూపితే దూరంగా జరగమని అర్థం. పగ్గం, కొరడా, గుర్రం కలిసి ఒక త్రికోణంగా ఏర్పడతాయి.

వలయం ఎంత పెద్దదిగా ఉండాలో భౌతికశాస్త్రం చెబుతుంది. 450 కిలోల గుర్రం సెకనుకు 4 మీటర్ల వేగంతో, 20 మీటర్ల వ్యాసం గల వలయంలో తిరుగుతున్నదనుకొందాం. దానిని వంపులో నిలిపే బలం 720 న్యూటన్లు, అంటే సుమారు 73 కిలోల బరువుకు సమానం. వలయం వ్యాసం 10 మీటర్లకు తగ్గిస్తే ఆ బలం రెట్టింపవుతుంది. గుర్రం లోపలికి ఒరిగే కోణం 9 డిగ్రీల నుండి 18 డిగ్రీలకు పెరుగుతుంది. ఈ భారం కీళ్ళ మీద పక్కవాటుగా పడుతుంది. లేతవయసులో ఎముకలు ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. వెన్నెముకలోని ఎదుగుదల ఫలకాలు పూర్తిగా గట్టిపడడానికి ఐదారేళ్ళు పడుతుంది. కాబట్టి వలయం విశాలంగా, నేల జారకుండా, అభ్యాసం దిశకు ఐదారు నిమిషాలకు మించకుండా ఉండడం మేలు.

'అలసిపోయేదాకా తిప్పితే అణకువ వస్తుంది' అన్న నమ్మకం పలుచోట్ల ఉన్నది. రోజూ అరగంట పరుగెత్తిన గుర్రానికి గుండె, కండరాలు బలపడతాయి. మరుసటి నెల దానిని అలసట పెట్టడానికి గంట కావాలి. అలసటను అణకువగా భ్రమించి, అదివరకటి కంటె బలమైన గుర్రాన్ని తయారుచేసుకొన్నట్లవుతుంది. గుర్రం వలయం దాటి బయటికి లాగినప్పుడు కూడా ఎడతెగకుండా లాగరాదు. పగ్గాన్ని పట్టి, వదిలి, మళ్ళీ పట్టితే దానికి ఎదురు లాగడానికి ఆనిక దొరకదు.

నడక నుండి ట్రాట్‌కు, ట్రాట్ నుండి నడకకు మార్పులు అడుగుతూ ఉంటే గుర్రం చెవి మధ్యనున్న మనిషి వైపు తిరుగుతుంది, తల దిగుతుంది, నోరు నెమరు వేసినట్లు కదలవచ్చు. 'ఆగు' అన్న మాటకు వలయం మీదనే నిలబడితే ఆ రోజుకు అక్కడితో ముగించడం మంచిది.

పిల్లలను గుర్రపుశాలకు పంపే తల్లిదండ్రులు జీను వేయకముందు జరిగే ఈ పదిహేను నిమిషాలను ఒకసారి గమనించవచ్చు. పగ్గం ఎప్పుడు బిగుస్తున్నదో కాదు, ఎప్పుడు వదులవుతున్నదో చూడాలి. ఆ వదులు సకాలంలో అందుతున్నదంటే, అక్కడి గుర్రాల దగ్గర పిల్లలను ఎంతో కొంత ధైర్యంగా నిలబెట్టవచ్చు.