పోతే ఐదు గంటలు, వస్తే రెండున్నర!

దుబాయ్‌లో మనవాళ్లు నలుగురు కూర్చుంటే టికెట్ల ముచ్చట రాక మానదు. జగిత్యాల నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దమ్మ మొన్న నన్ను నిలదీసింది. “హైదరాబాద్‌ పోవుడు ఐదు గంటలు, వచ్చుడు రెండున్నర గంటలు. తొవ్వ ఒక్కటే కదా బిడ్డా, గట్లెట్ల?”

టికెట్‌ ప్రకారం ఆమె లెక్క తప్పు కాదు. ఇక్కడ రాత్రి 10కి బయల్దేరితే శంషాబాద్‌లో తెల్లవారుజామున 3. అక్కడ 4కి ఎక్కితే ఇక్కడ 6.30. యూఏఈ గడియారం మనదానికంటే గంటన్నర వెనక ఉంటుంది కాబట్టి, అది సరిచేస్తే పోవడానికి మూడున్నర గంటలు, రావడానికి నాలుగు. నిజానికి రావడమే ఆలస్యం! మా సాఫ్ట్‌వేర్‌ వాళ్లం ఈ తికమక లేకుండా సర్వర్లలో సమయాన్ని యూటీసీలోనే దాచుకుంటాం. టికెట్లకు ఆ సౌకర్యం లేదు.

ఆ అరగంట గాలి పుణ్యం. రెండు విమానాశ్రయాల మధ్య తిన్నటి దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. ఒమన్‌ కొండలు, అరేబియా సముద్రం దాటి ముంబయి దాపున తీరం చేరతాం. చలికాలంలో పైన గాలులు పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తాయి. గంటకు 850 కిలోమీటర్ల విమానానికి 80 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోడైతే ప్రయాణం 2 గంటల 45 నిమిషాలు. అదే గాలి ఎదురైతే 3 గంటల 19 నిమిషాలు. ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా పాకడం వీటికి అదనం. వానాకాలంలో ఆ పడమటి గాలులు హిమాలయాల అవతలికి జరుగుతాయి, తేడా తగ్గుతుంది.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్న మాట పుట్టిన జిల్లాలు మావి. బొంబాయి దాకా బస్సులో పోయి విమానం ఎక్కిన తరం ఇంకా మన మధ్యే ఉంది. 2008లో శంషాబాద్‌ వచ్చాక ఆ బాధ తీరింది గానీ, అక్కడి నుంచి జగిత్యాలకు ఇంకా 200 కిలోమీటర్ల పైనే. విమానంలో కూర్చున్నంతసేపూ కారులోనూ కూర్చోవాలి.

ఇదంతా సెలవులకు పోయేవారికి కాలక్షేపం. ఇంటి నుంచి చెడు కబురు వచ్చిన రాత్రి ఇదే లెక్క ప్రాణం తీస్తుంది. లేబర్‌ క్యాంపుల్లోని మన పిల్లలకు టికెట్‌ కంటే ముందు సెలవు, పాస్‌పోర్టు దొరకాలి. పాస్‌పోర్టు ఎవరిది వారి దగ్గరే ఉండాలన్నది ఇక్కడి నిబంధన. అవసరం పడకముందే అడిగి తీసుకోవడం మేలని నేను కనిపించినవారికల్లా చెబుతుంటాను.

పోయిన జనవరిలో మా పెదనాన్న పోయారని ఫోన్‌ వచ్చేసరికి ఇక్కడ రాత్రి 8. పది గంటల విమానం అందదు. తర్వాతది 3.30కి. దహనం మధ్యాహ్నం 2 దాకా ఆపుతామని తమ్ముడు అన్నాడు. శంషాబాద్‌లో 8.30కి దిగాల్సింది, గాలి తోయడంతో 8.10కే దిగాం. సామాను లేదు, బయట కారు సిద్ధంగా ఉంది. ఇంటి ముందు ఆగేసరికి ఒంటిగంట దాటింది. కబురు నుంచి గడప దాకా దాదాపు 16 గంటలు. అప్పటికింకా పాడె కడుతున్నారు.