చిక్కుడు పూతకు రాత్రి లెక్క

పుష్య మాఘ మాసములలో ఆర్మూరు పరిసర గ్రామముల రైతులు పసుపు త్రవ్వి, దుంపలను ఉడికించి, కల్లములలో ఎండబోయుదురు. పసుపు కల్లములు నిండు ఈ రోజులలోనే సంతలోనికి చిక్కుడుకాయ గంపలకొలదిగా దిగును. పసుపు తొమ్మిది నెలల పంట. వానకాలము మొదట వేసినది ఇప్పటికి పక్వమగుటలో వింత లేదు. చిక్కుడు సంగతి వేరు. జూనులో పెట్టిన గింజయు, ఆగస్టులో పెట్టిన గింజయు ఇంచుమించు ఒకేసారి పూతకు వచ్చును. రెండు నెలలు ముందు పుట్టిన తీగకు అదనముగా దక్కునది ఆకు మాత్రమే.

ఈ సంగతి తెలియక నష్టపడువారు కలరు. తొలకరిలో పెట్టిన పాదు భాద్రపదము నాటికి పందిరినంతయు కప్పివేయును, కాని ఒక్క పూవైనను కనిపించదు. కొందరు దానిని గొడ్డుతీగ యని పీకివేయుదురు. మరికొందరు ఇంకను ఎరువు వేయుదురు. దానితో ఆకులే మరింత గుబురెక్కును. నిజమునకు తీగలో లోపమేమియు లేదు. అది రాత్రి పొడవగుటకై ఎదురుచూచుచున్నది.

ఆర్మూరు భూమధ్యరేఖకు సుమారు 19 డిగ్రీల ఉత్తరమున నున్నది. అక్కడ జూను మూడవ వారములో పగలు సుమారు 13 గంటల 15 నిమిషములు, డిసెంబరు మూడవ వారములో సుమారు 11 గంటలు. తేడా రెండుంబావు గంటలే. అందులో దినదినమునకు వచ్చు మార్పు ఎక్కువలో ఎక్కువ సుమారు ఒక నిమిషము. మనుష్యునికి గడియారము లేనిదే ఇది తెలియదు. చిక్కుడు ఆకునకు తెలియును.

మొక్కలకు ఈ శక్తి కలదని 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఒక జాతి పొగాకు వేసవిలో మనిషెత్తున పెరిగినను పూయకుండుట చూచి, వారు మొక్కలను సాయంకాలము కాకముందే చీకటి గదిలోనికి చేర్చి, మరునాడు ప్రొద్దెక్కిన తరువాత బయటికి తెచ్చుచు వచ్చిరి. అవి నడివేసవిలోనే పూచినవి. ఇట్టివానిని హ్రస్వదీప్తికాల మొక్కలందురు. 1938లో హామ్నర్, బానర్ అను మరి యిద్దరు మన పొలముగట్ల మీద గూడ పెరుగు మరులమాతంగి మొక్కపై పరీక్షలు చేసి, మొక్క కొలుచునది పగటిని కాదు, రాత్రినని నిరూపించిరి. నడిరాత్రి కొద్దిసేపు దీపము చూపిన చాలు, ఆ రాత్రి లెక్కకు రాదు. ఈ పని చేయునది ఆకులలోని ఫైటోక్రోమ్ అను వర్ణకము. ఇది ఎర్రని కాంతిని గ్రహించి రూపము మార్చుకొనును. బెల్ట్స్‌విల్ ప్రయోగశాలలోని పరిశోధకులు 1959లో దీని ఉనికిని పట్టుకొనిరి. వీథిదీపము క్రింది చిక్కుడు పందిరి తక్కినవానికన్న ఆలస్యముగా పూచిన, మొదట అనుమానింపవలసినది ఆ దీపమునే.

రథసప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గ్రుచ్చి రథము చేయుట, చిక్కుడాకులలో పరమాన్నము పెట్టుట తెలుగువారి ఆచారము. ఆ పండుగ మాఘమాసములో వచ్చును. సూర్యుడు ఉత్తరమునకు మరలిన తరువాత వచ్చు పండుగకు, పొడుగు రాత్రులలో పూచిన తీగ కాయలు సిద్ధముగా నుండుట గమనింపదగినది.

ఉన్నత పాఠశాలలో ఈ విషయమును పరీక్షించి చూపుట కష్టము కాదు. స్థానిక తీగచిక్కుడు గింజలను జూను నెలలో మూడు కుండలలో నాటవలెను. జూలై మధ్యనుండి మొదటి కుండను ఆరుబయట వదలి, రెండవదానిని ప్రతిదినము సాయంత్రము 5 గంటలకు వెలుతురు చొరని గదిలో పెట్టి, ఉదయము 8 గంటలకు బయటికి తీయవలెను. మూడవదానిని కూడ అట్లే చేసి, నడిరాత్రి మాత్రము ఒక అరగంట దీపపు వెలుగులో నుంచవలెను. ఆదివారమని మానరాదు. రెండవ కుండలోని తీగ ముందుగా మొగ్గ తొడుగవలెను. మూడు కుండలును ఒకేసారి పూచినచో ఆ గింజ కాలనియమము లేని రకమునకు చెందినదని గ్రహింపవచ్చును. అట్టి రకములును కలవు. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి హెబ్బాళ అవరె-3, హెబ్బాళ అవరె-4 రకములు ఏ ఋతువులోనైనను పూచును. వీనికి పందిరి కూడ అక్కరలేదు.

చిక్కుడు శాస్త్రనామము లాబ్లాబ్ పర్‌ప్యూరియస్. పాత పుస్తకములలో డాలికస్ లాబ్లాబ్ అని యుండును. దీని పుట్టినిల్లు ఆఫ్రికా. అయినను క్రీస్తుపూర్వము రెండవ సహస్రాబ్దినాటికే దక్షిణాపథమునకు చేరినది. బళ్లారి ప్రాంతపు నవీనశిలాయుగ స్థలములలో మాడిన గింజలు దొరికినవి. గింజ అంచున పొడుగుగా తెల్లని గీత యుండుట దీని గుర్తు. గింజల కొరకు పండించు రకమును అనుములందురు, రాయలసీమలో అనపకాయ లందురు. కోస్తాలో ఆనపకాయ యనగా సొరకాయ. కావున ఒక జిల్లా వంటను మరొక జిల్లాలో వినిపించువారు కొంచెము జాగ్రత్త పడవలెను.

తీగను మెల్లగా పెకలించి చూచిన, వేళ్లకు చిన్న బుడిపెలు కనిపించును. వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చునట్లు మార్చును. బుడిపెను గోటితో చీల్చి చూడవలెను. లోపల గులాబిరంగున్నచో అది పనిచేయుచున్నట్లు. పంట ముగిసిన తరువాత వేళ్లను నేలలోనే వదలి, తీగను మాత్రము కోయుట మేలు.

పూతవేళ చిక్కుడునకు పెద్ద శత్రువు పేనుబంక. చీమలు బారులు తీరి తీగ నెక్కుచున్నచో పేనుబంక పట్టినదని తెలిసికొనవలెను. అది విసర్జించు తీపినీటి కొరకే చీమలు వచ్చును. అక్షింతలపురుగులు ఈ పేనును తినును. వానిని చూచి పంటకు చెరుపని భయపడి చంపువారున్నారు. అది చుట్టమును తరిమి దొంగను ఉంచుకొన్నట్లే.

నూరు గ్రాముల ఎండుగింజలలో సుమారు 25 గ్రాములు, లేతకాయలలో సుమారు 4 గ్రాములు మాంసకృత్తులుండును. జొన్నలోను, మక్కలోను తక్కువగానుండు లైసీన్ చిక్కుడు గింజలో సమృద్ధిగా నున్నది. చిక్కుడులో తక్కువైన మెథియోనిన్‌ను ఆ ధాన్యములు కొంత పూరించును. జొన్నరొట్టెతో చిక్కుడుకూర తిను అలవాటు నాలుకకే కాక దేహమునకును హితమైనది.

లేతకాయను మామూలుగా వండుకొనవచ్చును. ఎండుగింజను మాత్రము పచ్చిగా తినరాదు. అందులో మాంసకృత్తులను జీర్ణము కానీయని ట్రిప్సిన్ నిరోధకములు కలవు. కొన్ని రకములలో, ముఖ్యముగా ముదురురంగు గింజలలో, సయనైడును విడుదల చేయు పదార్థములును కొద్దిగా నుండును. గింజలను రాత్రియంతయు నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో మూత తీసి బాగుగా ఉడుకబెట్టవలెను. చిత్తూరు ప్రాంతమువారు నానిన అనపగింజను వ్రేళ్లనడుమ నొక్కి తోలు తీసి, పితికిపప్పు వండుదురు. గింజలోని వగరు పదార్థములు ఎక్కువగా ఆ తోలులోనే యుండును. తోలుతోబాటు అవియు పోవును.