నాలుగు అరచేతులంత నేల

గంటకింత అని డబ్బులు తీసుకుని స్టీరింగు, పెడళ్లు ఉన్న సీట్లో కూర్చోబెట్టే గేమింగ్ సెంటర్లు మన పట్టణాల్లోకీ వచ్చాయి. అక్కడినుంచి వచ్చే కుర్రాళ్లు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. ‘ఏవండీ, పోర్షే అంటే అంత గొప్ప కారు కదా, మలుపులో బ్రేక్ కొడితే తిన్నగా పోయి గోడకి గుద్దుతోంది. సరే అని కాలు తీస్తే గిర్రున తిరిగిపోతోంది. గేమ్ సరిగ్గా చెయ్యలేదాండీ?’ వాళ్ల నాన్నలది ఇంకో ప్రశ్న: ‘ఆ బొమ్మ కారు తోలితే నిజం కారు వచ్చేస్తుందా?’ గేమ్ సరిగ్గానే చేశారు. సరిగ్గా చేశారు కాబట్టే తిరిగిపోతోంది. నాన్నల సంగతి తర్వాత చూద్దాం.

స్పోర్ట్స్ కారు అనగానే మనవాళ్లకి ఇంజనే గుర్తొస్తుంది. పోర్షే 911 జీటీ3 తీసుకోండి. నాలుగు లీటర్ల ఇంజను, 510 గుర్రాల బలం, నిమిషానికి 9,000 చుట్లు. బాగానే ఉంది. కానీ ఆ గుర్రాలన్నీ నేలని తాకాల్సింది టైర్ల దగ్గరే. కారు బరువు 1,400 కిలోల పైచిలుకు, టైర్లలో గాలి 33 పీఎస్ఐ అనుకుని భాగించి చూడండి. ఒక్కో టైరు నేలని తాకే జాగా సుమారు 150 చదరపు సెంటీమీటర్లు తేలుతుంది, అంటే అరచేయంత. ఇంజను ఎంత పెద్దదైనా, కారు కోటి రూపాయలు దాటినా, పరుగెత్తడం, ఆగడం, తిరగడం అన్నీ ఈ నాలుగు అరచేతుల మీదే.

కొత్త బండి కొంటే మనం నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. చోటు మాత్రం భలే పట్టారు పెద్దలు! కారు బతుకంతా అక్కడే ఉంది. ఆ నిమ్మకాయ పెట్టినవాడే టైర్లలో గాలి ఎప్పుడు కొట్టించాడో చెప్పలేడు, టైరు అరిగి గుండైపోయినా ‘ఇంకో ఏడాది లాగుతుందండీ’ అంటాడు. దిష్టి తగిలేది అక్కడే మరి.

ఆ అరచేయంత జాగాకి ఉన్న పట్టు ఎంతో, దాన్ని ఎవరెవరు పంచుకుంటారో తెలిస్తే కుర్రాడి పోర్షే ఎందుకు గోడకి గుద్దుకుందో తెలుస్తుంది. డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. దాళ్వా పంటకి నీరు చాలనప్పుడు వంతులు పెడతారు కదా. బోదెలో వచ్చే నీరు ఇంతే. దాని మీద ఇద్దరు రైతులున్నారు, ఒకాయన బ్రేకు, ఇంకొకాయన మలుపు. బ్రేకు రైతు తూము మొత్తం ఎత్తేసుకుంటే మలుపు రైతు చేలోకి చుక్క రాదు. ఆయన ఎంత అరిచినా, అంటే మీరు స్టీరింగు ఎంత తిప్పినా, చేను ఎండుతూనే ఉంటుంది, కారు తిన్నగా పోతూనే ఉంటుంది. మలుపు మధ్యలో నిండా బ్రేకు తొక్కిన కుర్రాడికి జరిగింది ఇదే. ‘స్టీరింగు పని చెయ్యలేదండీ’ అంటాడు. స్టీరింగు పని చేసింది, నీళ్లే లేవు.

అనుభవమున్న రేసరు చేసేదల్లా రెండు తూముల మీదా చెయ్యి వేసుకుని కూర్చోవడం. మలుపుకి ముందు, తిన్నని రోడ్డు మీద, నీరంతా బ్రేకుకి ఇస్తాడు. మలుపు మొదలవుతుండగా బ్రేకు తూము కొద్దికొద్దిగా దించుతూ, అంతకంతా మలుపు తూము ఎత్తుతాడు. మలుపు చివర మూడో రైతు వస్తాడు, యాక్సిలరేటరు. ఆయనకీ ఇదే న్యాయం. బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా మన రోడ్డు కార్లలో ఉండే ఏబీఎస్ అయితే, కాలువ నీటిని కాసే లస్కరు లాంటివాడు. మీరు బ్రేకు తూము మొత్తం ఎత్తినా, సెకనుకి చాలాసార్లు దించుతూ ఎత్తుతూ అవతలి చేనుకి కొంత నీరు వెళ్లేలా చూస్తాడు. గేమ్ ముందు కూర్చున్న మన కుర్రాళ్లు పౌరుషానికి పోయి ఆ లస్కర్ని, స్థిరత్వం కాసే ఇంకో లస్కర్ని కూడా సెట్టింగుల్లో తీసేస్తారు. ‘నిజం కారు ఇలా జారదు కదా’ అనే మాట అందుకే వస్తుంది. నిజం కారూ జారుతుంది, మనకి తెలియకుండా ఎవరో కాస్తున్నారు, అంతే.

ఇక నీరు పైనుంచే తగ్గితే, అంటే రోడ్డుకే పట్టు లేకపోతే? కైకలూరు, ఆకివీడు వైపు తెల్లవారుజామున బండి మీద వెళ్లినవాళ్లకి తెలుసు. చేపల లారీ ముందు వెళ్తుంటే ఐసు కరిగిన నీళ్లు రోడ్డంతా కారుతుంటాయి, ఆ నీటికి చేపల జిగురు కూడా తోడవుతుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, ముందు చక్రం గింజల మీదికి ఎక్కిందంటే మోకాలు చిట్లినట్టే. ఇవి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే నీరు తగ్గిపోవడం లాంటివి, కింద ఎన్ని వంతులు పెట్టినా లాభం లేదు. పొడి తారు మీద వంద కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు పట్టంతా వాడుకుంటే 40 మీటర్లలో ఆగుతుంది. పట్టు సగమైతే 80 మీటర్లు. వేగం రెండింతలైతే రెండింతలు కాదు, నాలుగింతలు. పొడి రోడ్డు మీద కూడా 160 మీటర్లు కావాలి. కొల్లేటి గట్ల మీద నూట అరవై మీటర్లు తిన్నగా పోయాక చాలాచోట్ల ఎదురయ్యేది చేపల చెరువే.

కాలువ పోలిక ఒకచోట తప్పుతుంది. నీరయితే బ్రేకుకి 80 పాళ్లు పోతే మలుపుకి మిగిలేది 20. టైరు అంత పిసినారి కాదు. ఇక్కడ కూడాల్సింది పాళ్లని కాదు, వాటి వర్గాలని. నూటికి 80 బ్రేకుకి ఇచ్చినా మలుపుకి 60 మిగులుతుంది, ఎనిమిదో తరగతి పైథాగరస్ లెక్కే. రేసరు మిగుల్చుకునే సమయమంతా ఈ అదనపు నలభై పాళ్లలో ఉంది. దీన్ని కాళ్లకి నేర్పే పని ఆ గేమింగ్ సీటు, అంటే సిమ్యులేటరు, ఎంత త్వరగా చేస్తుందో, వేలు పోసి ట్రాకు మీదికి వెళ్లినా అంత త్వరగా కాదు.

ఇక గిర్రున తిరగడం సంగతి. గట్టిగా బ్రేకు కొడితే కారు బరువులో సుమారు 250 కిలోలు వెనక చక్రాల మీదినుంచి ముందు చక్రాల మీదికి వెళ్తుంది. మలుపులో యాక్సిలరేటరు మీది కాలు ఠక్కున తీసినా అదే జరుగుతుంది, తక్కువ మోతాదులో. 911కి ఇంజను తోకలో ఉంది. బరువైన తోక బయటికి ఈడుస్తుంటే, దాన్ని పట్టుకోవాల్సిన వెనక టైర్లు సరిగ్గా అప్పుడే తేలికవుతాయి. తోక ముందుకొస్తుంది. భయమేసినప్పుడు కాలు తీయడం మనిషి స్వభావం, ఈ కారు దాన్ని క్షమించదు.

గేమ్‌లో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది చేతుల్లో జరిగేది. మలుపులో స్టీరింగు బిగువుగా ఉంటుంది, తిన్నగా అయిపోవాలని చూస్తుంటుంది. వేగం ఇంకాస్త పెంచితే, ముందు టైర్లు జారకముందే, ఆ బిగువు సడలి చేతుల్లో తేలికపడుతుంది. ఎందుకంటారా? టైరు నేలని తాకే జాగాలో ముందు అంచున ఉన్న రబ్బరు అప్పుడే నేల మీదికి వచ్చింది, దానికింకా మెలి పడలేదు. వెనక్కి వచ్చేకొద్దీ మెలి పెరుగుతుంది. కాబట్టి పక్కకి నెట్టే బలం జాగాకి నడిమధ్యన కాక కాస్త వెనకగా పడుతుంది. చక్రాన్ని తిన్నగా చేయజూసేది ఆ వెనకపాటే. జారడం మొదలయ్యేది కూడా ఎక్కువ మెలి పడ్డ వెనక భాగంలోనే. అది జారగానే బలం ముందుకి జరుగుతుంది, బిగువు సడలుతుంది. మొత్తం పట్టు మాత్రం ఇంకా కొంచెం మిగిలే ఉంటుంది. ఆ కొంచెం వ్యవధిలో చెయ్యి కనిపెట్టాలి. రిమోటు బటన్లతో ఆడేవాడికి ఈ కబురు అందదు. వీల్ లోపలి మోటారు ఈ లెక్కకి తగ్గట్టే లాగుతుంది, సిమ్యులేటరు ఆ లెక్కని సెకనుకి మూడు నాలుగు వందలసార్లు వేస్తుంది. టైరు లెక్కల్లో బాగా పేరున్న సూత్రం నెదర్లాండ్స్ లోని డెల్ఫ్ట్‌కి చెందిన హాన్స్ పసేకా, ఆయన సహచరులు 1987లో ప్రచురించినది. దానికి ‘మ్యాజిక్ ఫార్ములా’ అని పేరు పడింది గానీ అందులో మంత్రం లేదు, ప్రయోగశాలలో కొలిచిన గీతకి సరిపోయే త్రికోణమితి ఉంది.

ఇప్పుడు నాన్నల ప్రశ్న. గ్రాన్ టురిస్మో అనే గేమ్ ఆటగాళ్లలోంచి రేసర్లని ఏరే పోటీ, జీటీ అకాడమీ, 2008లో మొదలైంది. 2014లో మన దేశానికీ వచ్చింది. 2011లో అందులో గెలిచిన బ్రిటన్ కుర్రాడు జాన్ మార్డెన్‌బరో, 2013 లె మాన్స్ 24 గంటల రేసులో తన తరగతిలో మూడో స్థానం వచ్చిన జట్టులో ఉన్నాడు. మన దగ్గర 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగినప్పుడు, జట్లు ఆ మలుపుల్ని ముందు సిమ్యులేటర్లలో నేర్చుకునే వచ్చాయి. గెలిచినవాడు ఫ్రాన్స్‌కి చెందిన జాన్-ఎరిక్ వెర్న్. కాబట్టి నిజం కారు వస్తుంది. కానీ 2015లో నూర్‌బర్గ్‌రింగ్ ట్రాకు మీద అదే మార్డెన్‌బరో కారు గాల్లోకి లేచి కంచె దాటింది, ఒక ప్రేక్షకుడు చనిపోయాడు. పొట్టలో తిప్పడం, మెడ మీద పడే బరువు, చావు భయం, ఇవేవీ సీట్లోకి రావు. ఏలూరు బస్టాండు దగ్గర ఆటో అడ్డం రావడం కూడా ఏ గేముల్లోనూ లేదు.

కుర్రాళ్లకి నిజమైన ట్రాకు కావాలంటే మద్రాసు వెళ్లాల్సిందేనా అని నాకెప్పుడూ అక్కసు. బ్రిటన్‌లో సిల్వర్‌స్టోన్, అమెరికాలో సెబ్రింగ్, మద్రాసు పక్కన షోలవరం, మూడూ రెండో ప్రపంచ యుద్ధపు విమానాల రన్‌వేలే. యుద్ధం అయిపోయాక ఖాళీగా పడున్న కాంక్రీటు మీద కార్లు తోలారు, ఆ ట్రాకులు పుట్టాయి. అలాంటి యుద్ధకాలపు రన్‌వే మన తాడేపల్లిగూడెంలోనూ ఉంది. దాని మీద ఎయిర్‌పోర్టు వస్తుందన్న కబురు ప్రతి ఎన్నికలకీ వింటూనే ఉన్నాం. గోకార్టుల గురించి మాత్రం ఒక్కరూ మాట్లాడరు.

అందాకా గేమింగ్ సెంటరే గతి. వెళ్తే మాత్రం ముందు 911 జోలికి పోకండి. మజ్దా ఎంఎక్స్-5 లాంటి తేలికైన, బలం తక్కువ కారు ఎంచుకోండి, ఐరేసింగ్ అనే సిమ్యులేటరులో కొత్తవాళ్లకి అప్పజెప్పేదీ అదే. ఏబీఎస్ ఉండనివ్వండి. తోడొచ్చిన స్నేహితుడు నవ్వుతాడు, నవ్వనివ్వండి. నాలుగు చక్రాలూ ట్రాకు దాటకుండా వరసగా పది చుట్లు వచ్చాక ఏబీఎస్ తీసెయ్యండి, అవీ పది చుట్లు సరిగ్గా వచ్చాక పోర్షే ఎక్కండి. సీటు మాత్రం మొదటే ముందుకి జరుపుకోండి. బ్రేకు పెడలు నిండా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. చాలామంది గోడకి గుద్దేది కాలు అందక.