ఆ ఉత్తరమే చివరి మాట కాదు



కొంతకాలము క్రిందట మేము ఒక పల్లెలో కుటుంబములను దర్శిస్తూ ఒక మాజీ సిపాయిగారి యింటికి వెళ్ళాము. ప్రార్థన ముగిసిన తరువాత ఆయన ఇనుప పెట్టె తెరచి, మడతలు చిరిగిపోతున్న ఒక ఉత్తరము మా చేతిలో పెట్టారు. "అయ్యగారూ, ఇందులో ఏముందో చదివి చెప్పండి. కాదన్నారని మాత్రం తెలుసు" అన్నారు.

ఆ ఉత్తరము ఇంగ్లీషులో ఉన్నది. ఆయన వ్యాధి సైనిక సేవ వలన కలిగినది కాదు, సేవ వలన ఎక్కువైనదీ కాదు, గనుక వైకల్య పింఛను ఇవ్వలేమని దాని సారాంశము. అయితే అడుగున మరొక వాక్యము కూడా ఉన్నది. ఈ నిర్ణయముతో తృప్తి లేనియెడల ఆరు నెలలలోగా అప్పీలు చేసుకోవచ్చునని. ఆ ఒక్క వాక్యమును ఆయనకు చదివి వినిపించినవారు లేరు. సంవత్సరములు గడచిపోయినవి.

మన పల్లెలనుండి సైన్యములో చేరినవారు అనేకులు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమును మిలటరీ ఊరనే పిలుస్తారు. ఇటువంటి ఉత్తరములు ఎన్ని యిండ్లలో ఎన్ని పెట్టెలలో ఉన్నవో! అందుచేత ఈ అప్పీళ్ళు ఎలా పరిష్కారమవుతాయో మన కుటుంబములు తెలుసుకొనుట అవసరమని మేము తలంచుచున్నాము.

మొదట తేల్చేది ఏమిటి?

సిపాయి ఎంత ధైర్యవంతుడు, ఎంత బీదవాడు అనేది ఇక్కడ ప్రశ్న కాదు. సైన్యము విడచే సమయములో వైద్య బోర్డు ఆయనను పరీక్షించి ముఖ్యముగా రెండు సంగతులు వ్రాస్తుంది. వైకల్యము నూటికి ఎంత? దానికీ సేవకూ సంబంధమున్నదా? సాధారణముగా వైకల్యము 20 శాతము లేదా అంతకు మించి ఉండాలి. అది సేవ వలన కలిగినదైనా, సేవ వలన తీవ్రమైనదైనా అయి ఉండాలి. ఈ రెండింటిలో ఏది నిరూపణ అయినా చాలును. ఎక్కువ వివాదములు ఈ రెండవ ప్రశ్న దగ్గరే పుడతాయి.

మెట్లు ఎన్ని?

కాదన్నప్పుడు మొదటి అప్పీలు ఆరు నెలలలోగా మొదటి అప్పీళ్ళ కమిటీకి వెళ్తుంది. అక్కడ కూడా కాదంటే మరల ఆరు నెలలలోగా రెండవ కమిటీకి వ్రాసుకోవచ్చు. ఇవి కోర్టులు కావు. ఇక్కడ కాగితములే మాట్లాడతాయి. కాబట్టి అప్పీలులో "దయచూపండి" అని మాత్రమే వ్రాస్తే ప్రయోజనము తక్కువ. ఏ సంవత్సరములో, ఎక్కడ పనిచేయుచుండగా జబ్బు మొదలైనదో, ఏ మిలటరీ ఆసుపత్రిలో చేర్చారో వ్రాయాలి.

ఆ పైమెట్టు సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007లో చేసిన చట్టము ప్రకారము ఇది 2009లో పని ప్రారంభించినది. ప్రధాన బెంచి ఢిల్లీలో ఉండగా, మన తెలుగు రాష్ట్రములు చెన్నై ప్రాంతీయ బెంచి పరిధిలోనివి. బెంచిపై ఒక న్యాయసభ్యుడు, సైన్యములో ఉన్నత పదవి నిర్వహించిన ఒక సభ్యుడు కూర్చుంటారు. చివరి ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలోగా ఇక్కడికి రావాలి. అప్పీలుకు ఆరు నెలలైనా జవాబు రాకపోతే, జవాబు కొరకు ఇంకా కనిపెట్టనవసరము లేదు, ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చును. ట్రిబ్యునల్ తీర్పుపై హైకోర్టు తలుపు కూడా మూయబడలేదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టము చేసినది.

నిరూపణ భారము ఎవరిది?

మా మిత్రులు ముఖ్యముగా గుర్తుంచుకోవలసినది ఇదే. 1985లో సైన్యములో చేరిన ఒక సిపాయిని, సుమారు 9 సంవత్సరముల సేవ తరువాత, మూర్ఛవ్యాధి కారణముగా 20 శాతము వైకల్యముతో పంపివేశారు. ఆ జబ్బు శరీర తత్వమును బట్టి వచ్చినదే గాని సేవ వలన కాదని పింఛను నిరాకరించారు. హైకోర్టులో ఒక న్యాయమూర్తి ఆయన పక్షముగా చెప్పారు, తరువాత బెంచి దానిని కొట్టివేసినది. చివరకు 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఆయనకు పింఛను ఇవ్వవలెనని తీర్పు చెప్పినది.

కారణమేమి? 1982 నాటి నియమముల ప్రకారము, చేరినప్పటి రికార్డులో ఏ జబ్బూ వ్రాసి లేకపోతే అతడు ఆరోగ్యవంతుడుగానే చేరినట్లు భావించాలి. సంబంధము ఉన్నదని సిపాయి నిరూపించనక్కరలేదు. లేదని చెప్పేవారే కారణము చూపాలి. సందేహము మిగిలితే దాని ఫలము సిపాయికే చెందాలి. ఆ వైద్య బోర్డు మాత్రము కారణమేమీ వ్రాయలేదు.

అయితే అన్ని కేసులూ గెలవవు. సెలవుపై వెళ్ళి తోబుట్టువు యింటి వద్ద పడి గాయపడిన ఒక సైనికునికి 2015లో సుప్రీంకోర్టు పింఛను ఇవ్వలేదు. ఆ గాయమునకూ సేవకూ సంబంధము కనబడలేదు. బోర్డు సరియైన కారణములు వ్రాసినచోట దాని అభిప్రాయమును కోర్టులు తేలికగా త్రోసివేయవు. 2008లోను, తిరిగి 2023 సెప్టెంబరు 21 నుండియు కొత్త నియమములు వచ్చినవి. గనుక ఎప్పుడు విడుదలైనవారికి ఏ నియమమో ముందుగా చూసుకోవాలి.

ఆలస్యమైతే?

గడువు దాటినదని నిరాశపడవద్దు. ఆలస్యమునకు తగిన కారణముంటే ట్రిబ్యునల్ మన్నించవచ్చు. పింఛను నెలనెలా రావలసినది గనుక, అది రాకపోవుట నెలనెలా కొనసాగే నష్టమే. 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పినది. గాని ఆలస్యముగా వచ్చినవారికి బకాయిలు సాధారణముగా కేసు వేయుటకు ముందు మూడు సంవత్సరములకే పరిమితమవుతాయి. అనగా ఊరుకున్న ప్రతి సంవత్సరమూ ఆ కుటుంబమునకు నష్టమే.

మనము చేయగలిగినది

డిశ్చార్జి పుస్తకము, ఆసుపత్రి కాగితములు, నిరాకరణ ఉత్తరము, అది వచ్చిన కవరుతో సహా ఒకచోట భద్రపరచండి. వైద్య బోర్డు నివేదిక నకలు లేకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద రికార్డు ఆఫీసును అడగవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు వెళ్ళి దరఖాస్తు విషయములో సలహా అడగండి. సిపాయి చనిపోయియున్నా కాగితములు పారవేయవద్దు. భార్యకు రావలసిన బకాయిలకు అవే ఆధారము కావచ్చు. సంఘములోని చదువుకున్న యౌవనస్థులు ఒక సాయంకాలము కూర్చుండి ఆ ఉత్తరమును చివరి వాక్యము వరకు చదివి తెలుగులో చెప్పితే, అది గొప్ప సహాయము.

మేము కలిసిన పెద్దాయన ఉత్తరము ఇప్పుడు ఆ పెట్టెలో లేదు. దాని నకలును దరఖాస్తుకు జతపరచి పంపించాము, అసలు కాగితమును ప్లాస్టిక్ కవరులో భద్రముగా పెట్టి ఆయన కుమార్తెకు ఇచ్చాము. జవాబు ఇంకా రాలేదు. ఆమె మాత్రము గోడమీది క్యాలెండరులో ఆరవ నెల చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి ఉంచినది.